గాజులామె తినని రొట్టె

మొన్న శుక్రవారం పొద్దున మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్నాను. బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. మా చిన్నమ్మ మనవరాలు. "అత్తా, నానమ్మ నిన్ను సిన్మాకు పొమ్మంటున్నది" అంది. ఆఫీసులో ముప్పై ఏళ్లు టైపు కొట్టి రిటైరైన దాన్ని, మూడు గంటలు ఒక్కచోట కూర్చోవాలంటేనే నాకు నీరసం వస్తుంది. ఏం సినిమా అని అడిగాను. "గాజులామెది అత్తా, ఏడో భాగం. ఇదే ఆఖరిదంట." వెనక నుంచి చిన్నమ్మ గొంతు వినబడింది: "సూసొచ్చి ఉన్నదున్నట్టు చెప్పుమను. ఒక్క ముక్క మింగొద్దను."

ఆ సినిమా అసలు పేరేదో ఉంది గానీ బోధన్‌లో మా వాడకట్టులో ఎవ్వరూ ఆ పేరుతో పిలవలేదు. అందులో దయ్యం కనబడే ముందు గాజుల చప్పుడవుతుంది, అందుకని మాకది గాజులామె సినిమా. చిన్నమ్మ తానే చూడకుండా నన్నెందుకు పొమ్మన్నదంటే, ఆమె రెండు కళ్లకూ పొరలొచ్చాయి. ఎదుట మనిషి నిలబడితే ఎవరో ఉన్నారని మాత్రం తెలుస్తుంది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని నిజామాబాద్ డాక్టరు చెప్పి ఆర్నెల్లయింది, ఇంకా ఆలస్యం చేస్తే నేనేమీ చెప్పలేనని కూడా అన్నాడు. ఆమె ఒప్పుకోదు. కొడుకు బతిమాలాడు, కోడలు ఏడ్చింది, నేను రెండుసార్లు పోయి పోట్లాడి వచ్చాను. ఒకటే మాట: "సూసేటియన్ని సూసిన. మీ చిన్నాయన పోయినంక ఇగ ఈ కండ్లతోని ఏం పని? ఆ గాజులామె సంగతొక్కటి తేలితే నాకు సాలు." ఒక ముసలామె చూపు దయ్యం చేతిలో పడిందని బయట చెప్పుకుంటే నవ్విపోతారు. మేం నవ్వే ఓపిక కూడా లేక ఊరుకున్నాం.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో చెప్పాలంటే బోధన్‌లో చిన్నమ్మ ఇంటి వసారాలోకి పోవాలి. మధ్యాహ్నం పూట ఏడెనిమిది మంది ఆడవాళ్లం ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేసేవాళ్లం. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, ఎవరో ఒకరి తుమ్ము. నాకప్పటికి పద్దెనిమిదేళ్లు, చేతివేగం తక్కువ, నోటివేగం ఎక్కువ. కొత్త సినిమాలు ముందు నిజామాబాద్‌కు వచ్చేవి, మా దాకా రావడానికి నెలలు పట్టేది. చిన్నాన్న ఆ రూట్లో బస్సు నడిపేవాడు. పొద్దున చిన్నమ్మను థియేటరు దగ్గర దింపి, సాయంత్రం ట్రిప్పులో ఎక్కించుకుని వచ్చేవాడు. మర్నాడు వసారాలో ఆమె సినిమా చెప్పేది.

అట్లా ఇట్లా చెప్పడం కాదు. దయ్యం నడక, మంత్రగాడి దగ్గు, తలుపు కిర్రుమనడం, అన్నీ తానే. చేతులు గాల్లో ఉంటే బీడీలు ఎవరు చేస్తారు? అందుకే ఆమె చెబుతున్నంతసేపూ తలా పిడికెడు బీడీలు ఆమె చాటలో వేసేవాళ్లం. అది మా పద్ధతి, ఎవ్వరూ చెప్పి పెట్టింది కాదు. చిన్నమ్మ "బేకార్ సిన్మా" అంటే ఆ సినిమా మా వాడకట్టులో చచ్చినట్టే. పక్కింట్లో ఒక ముస్లిం ఆమె ఉండేది, మేమంతా ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. ఆమె అయితే థియేటరు గడప తొక్కింది లేదు, వాళ్లాయన పంపేవాడు కాదు. ఆమె చూసిన సినిమాలన్నీ చిన్నమ్మ నోటి నుంచి చూసినవే. దయ్యం వచ్చినప్పుడల్లా "తౌబా తౌబా" అంటూ కొంగు మొహానికి కప్పుకునేది, కొంగు సందులోంచి చిన్నమ్మనే చూసేది.

మొదటి భాగం కథ చిన్నదే. ఆస్తి కోసం అత్తింటివాళ్లు కోడల్ని గదిలో వేసి తాళం పెడతారు, ఆమె ఆకలితో చచ్చిపోతుంది, దయ్యమై వచ్చి ఒక్కొక్కరి పని పడుతుంది. చివర్లో ఆమెను చెంబులో బంధించడానికి మంత్రగాడు వస్తాడు. చిన్నమ్మ చెప్పిన ప్రకారం, చెంబులోకి పొయ్యే ముందు గాజులామె వంటింట్లో కూర్చుంటుంది. పొయ్యి తనంతట తానే అంటుకుంటుంది. జొన్నరొట్టె, పుంటికూర వేసుకుని కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, "ఇగ పోతున్న" అని చెప్పి పోతుంది. ఆ రోజు వసారాలో కత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది. ఖాలా ముక్కు చీదుకుని, "పాపం, పేట్ భర్కే పోయింది, బస్" అంది.

నాలుగు నెలలకు ఆ సినిమా బోధన్‌కు వచ్చింది. అందరం పోయాం. రొట్టె కోసం కళ్లు కాయలు కాసేలా చూశాం. మంత్రగాడు వచ్చాడు, గాజులామెను చెంబులో కుక్కి మూతపెట్టి పాతేశాడు, లైట్లు వెలిగాయి. రొట్టె లేదు, పుంటికూర లేదు. మా వాళ్లు ఊరుకుంటారా? గేటు దగ్గరి మనిషిని చుట్టుముట్టారు. "రొట్టె తినే సీను ఎందుకు కోసిండ్రు? నిజామాబాద్ల ఉన్నది బోధన్ల ఎందుకు లేదు? మేం పైసలియ్యలేదా?" పాపం ఆ గేటాయన రీలు డబ్బాలు చూపించి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. చిన్నమ్మ మాత్రం కొంగు సర్దుకుంటూ రోడ్డు దాటి పోతోంది. పరుగెత్తి పట్టుకుని అడిగాను, ఎందుకు అబద్ధం చెప్పావని. నాకు నిజంగా కోపం వచ్చింది. "ఆకలితోని సచ్చినదాన్ని ఉత్త కడుపుతోని ఎట్ల పంపుతరే? వాళ్లకు సోయి లేదు, నేను పెట్టిన" అంది.

ఆ తరువాత భాగాలు వస్తూనే ఉన్నాయి. ఎవరో బావి తవ్వుతారు, చెంబు బయటపడుతుంది. ఎవరో ఇల్లు కడతారు, చెంబు బయటపడుతుంది. మూడో భాగం చూసొచ్చి చిన్నమ్మ చాట పక్కన పెట్టేసింది. "మనం జెరమొచ్చినా బీడీలు చేసుడే, అది సచ్చినా లేసుడే. సచ్చినంక గూడ డ్యూటీయేనే దానికి?" అప్పట్నుంచీ ఆమెకు ఆ దయ్యం అంటే భయం పోయి సొంత చెల్లెలి మీద ఉన్నంత బెంగ పట్టుకుంది. ఐదో భాగంలో గాజులామెను విమానమెక్కించారు. ఆరో భాగానికి చూసేవాళ్లకు త్రీడీ కళ్లద్దాలిచ్చారు. ఖాలా అప్పటికి లేదు, వసారాలో చాటలూ లేవు. చిన్నమ్మ ఒక్కతే పోయి చూసి వచ్చింది, చెప్పడానికి ఎవరూ దొరక్క ఆ కథ ఫోన్లో నాకు చెప్పింది. నేను పనిలో ఉండి ఊఁ కొట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సరే, శనివారం పోయాను. హాల్లో సగం సీట్లు ఖాళీ, ఉన్నవాళ్లలో సగం మంది ఫోన్లలో ఉన్నారు. దయ్యం వచ్చినప్పుడు వెనక పిల్లలు పడిపడి నవ్వారు. నేను రెండుసార్లు కునుకు తీశాను, దాచడమెందుకు. ఆఖరున గాజులామె మంటల్లో కరిగిపోయింది. పేర్లన్నీ పడ్డాక హమ్మయ్య అని లేవబోతుంటే బూడిదలోంచి ఒక చెయ్యి లేచింది. గాజులు గల్లుమన్నాయి. బయట మెట్ల మీద తలా ఒక మాట. "ఇంటర్వెల్ దాక ఓకే రా, తర్వాత తలనొప్పి." "మొదటి భాగం ముంగట ఇదేం పనికొస్తది?" "ఆఖరిదన్నరు, మళ్ల లేపిండ్రు, సిగ్గు లేదు." వాళ్లన్నదంతా నిజమే. కానీ వాళ్లింటికి పోయి భోంచేసి పడుకుంటారు. నేను బోధన్ పోయి చిన్నమ్మకు చెప్పాలి.

ఆదివారం బస్సెక్కాను. చెరుకు ట్రాక్టరు ముందు పడి దారి ఇవ్వలేదు, ఆలోచించుకోవడానికి కావలసినంత టైము దొరికింది. నిజం చెబితే ఆమె మనసు విరుగుతుంది. మనసు మంచిగుంటేనే కదా ఆపరేషన్ మాట ఎత్తగలం? అబద్ధమే చెబుదామని ఖాయం చేసుకున్నాను.

చిన్నమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పక్కన మనవరాలి ఫోన్లో ఎవరో కుర్రాడు సినిమా ఎందుకు బాగాలేదో అరిచి అరిచి చెబుతున్నాడు. "బంద్ చెయ్యవే వాన్ని, చెవులు పోతున్నయ్. ఆఖరుకు ఏమైందో ఎట్లాగూ చెప్పడు వాడు" అని, నా వైపు మొహం తిప్పింది. నేను మొదలుపెట్టాను. నాకు తోచినట్టు చేతులు కూడా ఊపాను, ఆమెకు కనబడవని మరిచిపోయి. చివరికి వచ్చాను. గాజులామె వంటింట్లో కూర్చుంది, పొయ్యి అంటుకుంది, కడుపునిండా తిన్నది, వెళ్లిపోయింది.

చిన్నమ్మ గోడకు ఒరిగింది. "మంచిగైంది పో. పోయింది పాపం. ఇగ నాది గూడ సరి" అంది. నేననుకున్నదేమిటి, అవుతున్నదేమిటి! అంతలో ఆమే అడిగింది.

"ఏం తిన్నదే?"

"జొన్నరొట్టె."

"దేంతోని?"

"పుంటికూరతోని" అన్నాను.

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని చెయ్యి పట్టుకున్నాను. నవ్వుతోంది. "ఆ రొట్టె, ఆ పుంటికూర నేను చేసినయే గదనే! సిన్మోళ్లకు ఏం ఎరుక? నిజం చెప్పు. లేసిందా?"

"లేసింది చిన్నమ్మా. పేర్లు పడ్డంక. బూడిదలకెల్లి చెయ్యి లేసింది, గాజులు చప్పుడైనయ్."

"ఏ రంగు గాజులు?"

నాకు గుర్తు లేదు. అసలు చూడనే లేదు. మనవరాలు ఫోన్లో వెతకబోయింది. చిన్నమ్మ చేత్తో మంచం మీద ఒక్కటి కొట్టింది.

"వాడు గంటసేపు మొత్తుకున్నడు, గాజుల రంగు చెప్పలేదు. నువ్వేమో పోయి పండుకొని అచ్చి నా రొట్టె నాకే పెడుతున్నవ్. మీకెవ్వలకు సిన్మా చెప్పుడు రాదు. ఎనిమిదోది నేనే సూస్త. ఆ డాక్టర్ ఎప్పుడు రమ్మన్నడో అడుగు, పో."

మనవరాలు నోరు తెరుచుకుని నన్ను చూసింది. మళ్లీ మాట మారుస్తుందేమోనని నేను గబగబా లేచాను. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, తరువాత మొహం కడుక్కుని డాక్టరుకు ఫోన్ చేశాను.

ఒక్కో భాగానికి వాళ్లు ఆరేడేళ్లు తీసుకుంటారు. ఎనిమిదోది వచ్చేసరికి ఆమెకు ఎనభై దాటుతుంది, నా మోకాళ్లు ఎట్లా ఉంటాయో దేవుడికెరుక. ఇన్నేళ్లు గడిచిపోయాయని నేను అలిసిపోయి కూర్చున్నాను. ఇంకా గడవాల్సిన ఏళ్లున్నాయని ఆమె అక్కడ బోధన్‌లో ఆస్పత్రికి సంచి సర్దుకుంటోంది.