తిట్లు తిన్న అభ్యర్థి

1964 వేసవిలో నన్ను నెల్లూరు జిల్లా పోలీసు కార్యాలయంలోని స్పెషల్ బ్రాంచికి వేశారు. అప్పటికి నేను సబ్‌ఇన్‌స్పెక్టరుని. వేయడం కూడా తాత్కాలికంగానే. పని నచ్చితే ఉంచుతారు, నచ్చకపోతే వెంకటగిరి అవతల ఒక అడవి స్టేషనుకు పంపుతారు. మా ఆవిడకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి పెద్దాసుపత్రికి దగ్గరలోనే ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే, ఆమెను చూసుకోవడానికి వేరే దిక్కు లేదు. అందుచేత ఆ కుర్చీ నాకు ప్రమోషను కంటే ఎక్కువ.

స్పెషల్ బ్రాంచి అంటే చాలామంది దొంగచాటు వ్యవహారం అనుకుంటారు. నిజానికి మా పని సభలకు వెళ్ళి వెనక వరసలో కూర్చోవడం, విన్నది రాసి పైకి పంపడం. పార్టీల లోపలి ఎన్నికల మీద కూడా రిపోర్టు ఇవ్వాలి. ఎవరు గెలుస్తారో ముందే తెలిస్తే, ఓడేవారి మనుషులు ఎక్కడ గలాటా చేస్తారో ఊహించి అక్కడ బందోబస్తు వేయవచ్చు. రిపోర్టు చివర ‘అంచనా’ అని ఒక పేరా ఉంటుంది. పైవన్నీ తప్పినా క్షమిస్తారు గాని, అది తప్పితే మాత్రం క్షమించరు.

నాకు అప్పగించిన మొదటి పని అల్లూరు ప్రాంతంలో ఒక పార్టీ శాఖ అధ్యక్ష పదవికి జరిగే ఎన్నిక. పోటీదారులు ఇద్దరు. ఒకరు రైసుమిల్లు యజమాని బలరామిరెడ్డి గారు. జీపు ఉంది, పలుకుబడి ఉంది, మనిషి కూడా మంచివాడే. రెండోవారు రిటైరయిన హెడ్‌మాస్టరు రత్నం గారు. మిషన్ బడిలో జీవితమంతా లెక్కలు చెప్పిన క్రైస్తవ పెద్దమనిషి. ఆయనకున్న వాహనం సైకిలు, దానికి బ్రేకులు కూడా లేవు. మాగాణి ఊళ్ళ సభ్యులు ఇద్దరికీ చెరిసగం చీలిపోయారు. ఇక తేల్చవలసింది ఇసుక దిబ్బల అవతల ఉన్న పట్టపుపాలెం జాలరి సభ్యులు.

నేను మఫ్టీలో, అంటే సాదా బట్టల్లో, రొయ్యపొట్టు వ్యాపారి వేషం కట్టి వెళ్ళాను. పాలెంలో ఊరి పెద్దను కాపు అంటారు. ఆ కాపు పేరు పోలయ్య. నన్ను చూడగానే, “కూర్చోండి సార్. రిపోర్టు రాసుకునేదానికి బల్ల కూడా తెప్పిస్తా,” అన్నాడు. నా వేషం విలువ అంతటితో తేలిపోయింది.

ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. నేను తికమకపడటం చూసి పోలయ్యే విప్పి చెప్పాడు. “ఇంకా దురాయి పడలేదు సార్. పడేదాకా ఎవరి నోరు వాళ్ళది. పడినాక పాలెమంతా ఒకటే నోరు.” దురాయి అంటే పెద్దలు అమ్మవారి పేరు మీద వేసే కట్టుబాటు. గుప్త వోటయినా సరే, దాన్ని దాటేవాడు ఉండడు. కాబట్టి మనుషులను లెక్కపెట్టి లాభం లేదు. దురాయి ఎటు పడుతుందన్నదే ప్రశ్న, దాన్ని మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ వారంలోనే ఇద్దరు అభ్యర్థులూ పాలేనికి వచ్చారు. ముందు రెడ్డి గారి జీపు వచ్చింది. తప్పెట్లు కొట్టారు, దండలు వేశారు, చందువ చేపల పులుసుతో భోజనం పెట్టారు. “మీ మాట మేము దాటతామా సామీ,” అన్నారు. రెడ్డి గారు తృప్తిగా తేన్చి, అందరికీ దండం పెట్టి వెళ్ళారు.

మర్నాడు మాస్టారు సైకిలు నెట్టుకుంటూ ఇసుకలో నడిచి వచ్చారు. తప్పెట్లు లేవు. కనీసం మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. బోర్లించిన పడవ మీద ఆయన కూర్చున్నారో లేదో పాలెమంతా మీద పడింది. “పోయినేడు మొగ పూడిపోయి పడవలు లోపలే ఉండిపోతే మీరేం చేసినారు?” అని ఒకరు. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. “కలెక్టరు గారిని తీసుకొస్తా అన్నారే, ఏడి?” అని ఒక ముసలమ్మ చేతులు తిప్పింది. మాస్టారు కూడా తగ్గలేదు. “తీసుకొచ్చినాను గదమ్మా. ఆ పొద్దు ఊళ్ళో ఒక్క మగోడన్నా ఉన్నాడా? అందరూ వేటకు పోయినారు. ఆయన కుక్కలతో మాట్లాడి పోయినాడు,” అన్నారు. పొద్దెక్కేదాకా అదే రభస. ఆయన చెమటలు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

మా ఇన్‌స్పెక్టరు వెంకోబరావు గారికి ఈ రెండు సంగతులూ నేను వెళ్ళి చెప్పకముందే చేరాయి. “ఇంకేముందోయ్, రెడ్డి గారే. అలాగే రాసెయ్,” అన్నారు. నేను కూడా కలం తీశాను. కాని చెయ్యి సాగలేదు. నన్ను పెంచింది మా మేనత్త. ఇంటికి చుట్టాలు వస్తే ఆమె నేతిగారెలు చేసి, మాటల్లో తేనె పోసేది. నన్ను మాత్రం పొద్దున లేచిన దగ్గర్నుంచి తిట్టిపోసేది. కాని కాశీయాత్రకు వెళ్ళేటప్పుడు ఇంటి తాళాలు నా చేతిలోనే పెట్టింది. పాలెంవారు రెడ్డి గారికి చుట్టం మర్యాద చేశారు. మాస్టారితో రేపు పని ఉందన్నట్టు పోట్లాడారు.

అలా అనుకున్నాక కూడా భయం పోలేదు. అడవి స్టేషను కళ్ళముందు కనిపించింది. మా ఆవిడను అడిగితే, “మీకు తోచింది రాయండి. తోచనిది రాసి తప్పయితే రెండుసార్లు ఏడవాల,” అంది. అంచనా పేరాలో ఇలా రాశాను: “పాలెంవారు రత్నం గారిని తీవ్రంగా దూషించినందున వారి వోట్లు ఆయనకే పడగలవు.”

వెంకోబరావు గారు అది రెండుసార్లు చదివారు. “ఇది చూస్తే ఎస్పీ గారు నిన్ను వెంకటగిరికి పంపరు. ఏకంగా పిచ్చాసుపత్రికి పంపుతారు,” అన్నారు. అయినా కొట్టివేయలేదు. ‘రాసినవారి సొంత బాధ్యత’ అని పక్కన చేర్చి పైకి పంపారు. ఆ మూడు మాటలు చదివాక నాకు అన్నం సహించలేదు.

ఎన్నిక రోజున పాలెంవారు వరసగా వచ్చి, మాట్లాడకుండా చీటీలు వేసి, నీడలో కూర్చున్నారు. పెట్టె విప్పేసరికి మాస్టారు గెలిచారు. రెడ్డి గారు నొచ్చుకుని పోలయ్యను నిలదీశారు. “అంత మర్యాద చేసినారు గదయ్యా, మరి ఇదేంది?” పోలయ్య చేతులు కట్టుకుని, “మీరు మా చుట్టం సామీ. చుట్టానికి పని చెప్తే బాగుంటుందా?” అన్నాడు. రెడ్డి గారు నవ్వేశారు. గలాటా ఏమీ జరగలేదు. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుళ్ళు మజ్జిగ తాగి వెనక్కి వెళ్ళారు.

ఎస్పీ గారు నా రిపోర్టు మీద ‘ఇక్కడే ఉంచండి’ అని రాశారు. ఆ నెలాఖరులో పెద్దాసుపత్రిలో మాకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు మళ్ళీ కష్టమైంది. ఆసుపత్రి దూరమై ఉంటే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ అంది. ఆ మాట విని వరండాలో కూర్చుని ఏడ్చాను.

ఆ తరువాత సర్వీసంతా అభ్యర్థులను బేరీజు వేసేటప్పుడు దండలు లెక్కపెట్టలేదు. ఈ ఊళ్ళో ఎవరిని తిడుతున్నారు, ఆయన మళ్ళీ వస్తున్నాడా అని అడిగేవాణ్ణి. దాదాపు ప్రతిసారీ సరిపోయింది. ఎవరినీ తిట్టని ఊరు, అంటే ఎవరి మీదా ఆశ లేని ఊరు, కనబడితే మాత్రం బందోబస్తుకు అదనపు బలగం అడిగేవాణ్ణి.