కట్ చెప్పేవాళ్లు లేని చోట

ఫిల్మ్ నగర్ బస్తీలో రష్మి ఏం పని చేస్తుందని అడిగితే, పిల్లలు కూడా తడుముకోకుండా చెబుతారు. హీరోయిన్లు దూకాల్సిన చోట దూకుతుంది. మేడ మీంచి, బైకు మీంచి, ఒకసారి పడవలోంచి కూడా. సినిమావాళ్లు ఆ పని చేసేవాళ్లను డూప్ అంటారు. హీరోయిన్ బట్టలు తొడుక్కుని, హీరోయిన్ జడ పెట్టుకుని, గాలిలో రెండు క్షణాలుండి, అట్టపెట్టెల మీద పడి, బట్టలు తిరిగి ఇచ్చేసి ఇంటికి రావడమే ఆ పని.

పదిహేడో ఏట అందులో చేరింది. దూకడం తొందరగానే వచ్చింది. రానివి రెండు. కెమెరా ఎక్కడుందో కనిపెట్టి అటునుంచి ముఖం తిప్పేయడం ఒకటి; పడ్డాక కట్ అనేదాకా కదలకుండా బోర్లా పడుండటం ఇంకొకటి. ఫైట్ మాస్టర్ చేత తిన్న తిట్లన్నీ ఈ రెంటికోసమే. ఏడాది తిరిగేసరికి మెడ దానంతటదే తిరగడం నేర్చుకుంది. ఎంతగానంటే, చుట్టాల పెళ్లి వీడియోల్లో కూడా రష్మిది ఒక చెవీ, కాస్త జడా తప్ప కనిపించేవి కావు. తల్లి బాలమణి స్టూడియో కాస్ట్యూమ్ సెక్షన్‌లో ఇస్త్రీ చేసేది. "నా బిడ్డ పదకొండు పిక్చర్లు చేసింది" అని చెప్పుకునేది గానీ, ఏ పిక్చర్‌లో ఎక్కడుందో చూపించమంటే చూపించలేకపోయేది. తనదని వేలు పెట్టి చూపించుకోగలిగింది ఒక్కటీ లేకపోవడం రష్మిని లోలోపల తినేస్తుండేది.

ఆ రోజుల్లోనే ఒక పాట కోసం హీరోయిన్ చక్రాల స్కీల మీద, అంటే బూట్లకు బిగించుకునే చక్రాలున్న పొడవాటి పట్టీల మీద, రోడ్డెంట పోవాల్సి వచ్చింది. నేర్పడానికి సత్యనారాయణ గారిని పిలిచారు. ఆయనది కాకినాడ వైపు. సైన్యంలో ఇరవై ఏళ్లు మంచుకొండల్లో పనిచేసి, రిటైరయ్యాక జూబ్లీహిల్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి సెక్యూరిటీ ఆఫీసరుగా కుదిరారు. హీరోయిన్ బదులు రష్మి ఆ స్కీల మీద రెండు కిలోమీటర్ల ఎక్కుడు ఎక్కి, ఆయాసపడకుండా నిలబడి మంచినీళ్లు అడిగింది. ఆయన ఆమెను ఎగాదిగా చూశారు.

"అమ్మాయ్, నీ ఊపిరి సినిమాలకి దండగ," అన్నారు. "రేపు అయిదింటికి రా."

ఆయన నేర్పింది కొండ మీంచి కిందికి జారే ఆట కాదు. రెండు సన్నటి స్కీల మీద, చేతుల్లో రెండు కర్రలతో, ఎక్కుడూ దిగుడూ అయిన మంచుదారిలో కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తే ఆట. మంచు లేని ఊళ్లో దానికి చక్రాలే దిక్కు. రెండేళ్లపాటు రోజూ తెల్లారకముందే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర మొదలుపెట్టేవారు. నైట్ షిఫ్టు ముగించుకున్న ఐటీ పిల్లలు క్యాబుల్లో తూగుతూ వెళ్తుంటే, వాళ్ల పక్కనుంచి రష్మి కర్రలు పొడుచుకుంటూ పోయేది. వెనక స్కూటర్ మీద సత్యనారాయణ గారు. చలికాలంలో నెల రోజులు హిమాలయాల్లో అసలు మంచు మీద సాధన. పందొమ్మిదో ఏట, స్కీ సంఘంవాళ్లు పెట్టిన పోటీలో నెగ్గి, అంతర్జాతీయ జూనియర్ చాంపియన్‌షిప్‌కి ఎంపికైంది. అమ్మాయిల అయిదు కిలోమీటర్ల పందెంలో మన దేశం తరఫున తనొక్కతే.

సరిగ్గా ఆ పోటీ జరిగే వారమే మనాలీలో మంచు పాట పెట్టుకున్నాడు ప్రొడక్షన్ మేనేజర్ కమలాకర్. ఆ పాటలో హీరోయిన్ స్కీల మీద పోవాలి.

"ఆ పోటీ వచ్చే ఏడు గూడ ఉంటది, పాట ఉండదు," అన్నాడు. "ఏం తెస్తవమ్మా గాడికి పొయ్యి? గోల్డ్ మెడలా?"

"చివర్ల వస్త సార్. తెలుసు నాకు."

"మరి?"

"చివర్ల వచ్చింది ఎవరంటే నా పేరే రాస్తరు గద సార్."

కమలాకర్ నవ్వాడు. ఆ తర్వాత ఫోను చేయడం మానేశాడు.

ఉత్తర యూరప్‌లో అదొక చిన్న ఊరు. సున్నాకి పద్నాలుగు డిగ్రీల కింద చలి. అరనిమిషానికి ఒకరు చొప్పున అమ్మాయిలు బయల్దేరుతున్నారు. రష్మి నంబరు డెబ్భై ఒకటి. మొదటి కిలోమీటర్‌లోనే వెనకవాళ్లు ఇద్దరు దాటిపోయారు. వాళ్లు నడక రాకముందే మంచు మీద జారినవాళ్లు. ఆ సంగతి కాళ్లలోనే తెలుస్తోంది. రష్మికి దుఃఖం రాలేదు. ఎక్కుళ్లు వచ్చినప్పుడు మాత్రం జూబ్లీహిల్స్ గుర్తొచ్చి, పళ్లు బిగించి, ముందున్న పిల్లకి కొంత దగ్గరైంది.

ఆఖరి దిగుడులో దారి ఎడమకి తిరుగుతుంది. బయల్దేరడమూ ఎక్కడమూ తీసి, అడ్డదారిన వచ్చి, ఆ మలుపు లోపలివైపు సత్యనారాయణ గారు చిన్న వీడియో కెమెరా పట్టుకుని నిలబడ్డారు. పాపం, ఇంటికి తీసుకెళ్లి తల్లికి చూపించాలని. కెమెరా కంటపడగానే రష్మి మెడ తన పని తాను చేసేసింది. ముఖం కుడికి తిరిగింది. స్కీల మీద చూపు ఎటు పోతే కాళ్లూ అటే పోతాయి. దారి తప్పి, మెత్తటి మంచులో బోర్లా పడింది.

పడి, కదలకుండా ఉండిపోయింది.

చెవుల్లో ఊపిరి తప్ప ఏమీ వినిపించడం లేదు. మంచు నోట్లోకి పోతోంది. ఆమె ఎదురుచూస్తోంది. దేనికోసం ఎదురుచూస్తోందో తెలియడానికి కొంతసేపు పట్టింది. ఎవరో కట్ అనాలి. అనేవాళ్లు ఇక్కడ లేరు. ఎర్రకోటు వేసుకున్న వాలంటీరు ఒకతను, దెబ్బ తగిలిందనుకుని, చెయ్యి చాపుతూ పరుగెత్తుకొచ్చాడు. రష్మి తల అడ్డంగా ఊపింది. అతను ఇంకా వంగాడు. ఈసారి అరచెయ్యి ఎత్తి ఆపింది. మోకాళ్ల మీదికి వచ్చి, మెలిపడ్డ స్కీలు విడదీసుకుని, కర్ర ఊతంగా లేచి నిలబడింది. మిగిలిన దూరం ఎంత వేగంగా పోయిందో ఆమెకే తెలియదు. అందరికన్నా చివర వచ్చింది. బోర్డు మీద ఆఖరి వరసలో ఆమె పేరు, పక్కన దేశం పేరు పడ్డాయి.

సాయంత్రం గదిలో సత్యనారాయణ గారు క్యాసెట్ వేసి చూశారు. బయల్దేరడం, ఎక్కడం, పడటం, లేవడం అన్నీ ఉన్నాయి.

"ఎక్కడా నీ ముఖం లేదమ్మా," అన్నారు చివరికి. "నేను కెమెరా తేకుండా ఉండాల్సింది."

"మీరేం జేస్తరు సార్. నా మెడ తీస్కపోయి సినిమావాళ్లకిచ్చిన," అంది రష్మి. ఆ రాత్రి అన్నం మాత్రం తినలేదు.

తిరిగొచ్చిన పది రోజులకి కమలాకర్ బస్తీకి వచ్చాడు. కారు సందులోకి రాక, నడిచే వచ్చాడు. బాలమణి కుర్చీ వేసి, చాయ్ పెట్టింది.

"అక్కా, నీ బిడ్డ ఎంత మంచి పని చేసుకొచ్చిందో తెలుసా," అన్నాడు కూర్చుంటూ. "మనాలీల మాకు బర్బాద్ అయింది. నీ బిడ్డ బదులు విగ్గు పెట్టి దింపినోడు రెండు అడుగులు పోంగనే పడ్డడు. గీమె క్యాసెట్ సత్యనారాయణ సారు ఆఫీసుల అందరికి చూపించిండంట. నేను గూడ చూసిన. ఎక్కడ ముఖమే లేదు. డూప్ అంటే గిట్లుండాలె. జర ఆ క్యాసెట్ ఇయ్యిండ్రి, పాటల పెట్టుకుంటం. క్లోజప్పులు గీడ స్టూడియో ఫ్లోర్ల మంచు లెక్క ఉప్పు పోసి తీస్తం."

"నంబరుంటది గద సార్, ఛాతి మీద," అంది రష్మి.

"గ్రాఫిక్స్ పోరగాండ్లు గల్లీకి పదిమంది ఉన్నరు. తుడిచేస్తరు."

"పడ్డది?"

"గదే అసలు పాయింటు. హీరోయిన్ పడ్తది. హీరో ఉరుక్కుంట వచ్చి చెయ్యి ఇచ్చి లేపుతడు. గాడ పల్లవి ఎత్తుకుంటం."

రష్మికి ఆ మంచులో బోర్లా పడుకున్న ఆ కాసేపూ కళ్లముందు మెదిలింది. పదకొండు సినిమాల్లో పడ్డ ప్రతిసారీ ఎవరో ఒకరు చెబితేనే లేచింది. ఆ ఒక్కసారే చెప్పేవాళ్లు లేరు.

"నన్నెవ్వరు లేపలే సార్," అంది. "నేనే లేచిన."

"అది మనకు తెలుసమ్మా. జనానికెందుకు?"

"క్యాసెట్ ఇయ్య."

"ముఖమే లేదు గద దాంట్ల. అది నువ్వంటే ఎవరు నమ్ముతరు?"

"ఎవ్వరు నమ్మకపోనీ. ఇంకొకామె అని మాత్రం నేను చెప్పనియ్య."

కమలాకర్ నవ్వు తగ్గింది. "సోచాయించుకో. ఇయ్యాల ఇస్తే వచ్చే మూడు పిక్చర్లు నీయే. ఇయ్యకుంటే ఫిల్మ్ నగర్‌ల నీకు ఫోను చేసెటోడు ఉండడు. మీ అమ్మ గూడ గీ స్టూడియోలనే చేస్తుంది, యాదికుంచుకో."

రష్మి నోరు తెరిచేలోపే బాలమణి మాట్లాడింది. పోటీకి పోయే ముందు, మనాలీ పాట వదిలిపెట్టవద్దని కూతుర్ని రెండు రోజులు బతిమాలిన మనిషి ఆమె.

"నా ఇస్త్రీపెట్టె బొగ్గుల మీద నడుస్తది సారూ, మీ ఫోను మీద కాదు. బట్టలున్న కాడల్ల పనుంటది. చాయ్ చల్లారుతుంది, తాగుండ్రి."

అతను తాగలేదు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట అనబోయి, సందులో వాళ్లు చూస్తున్నారని ఊరుకుని వెళ్లిపోయాడు.

అన్నట్టే చేశాడు. ఆ నెల ఒక్క పిలుపూ రాలేదు, పై నెలా రాలేదు. సత్యనారాయణ గారు తన ఆఫీసు గేటు దగ్గర ఆడవాళ్ల బ్యాగులు చూసే పనిలో రష్మిని పెట్టించారు. ఆమె ఆ నీలం చొక్కా తొడుక్కుని నిలబడితే, పాతరోజుల్లో క్యాబుల్లోంచి చూసిన అమ్మాయిలు కొందరు గుర్తుపట్టి, "కర్రల అమ్మాయి నువ్వే కదూ" అని అడిగేవారు. అవునని చెప్పేది.

అదంతా తర్వాతి మాట; కమలాకర్ వెళ్లిన ఆ సాయంత్రం మాత్రం, అతను ముట్టని చాయ్ బాలమణే తాగేసి, గ్లాసు కడిగి బోర్లించింది.

"ఇగ వాళ్లు పిలువరు బిడ్డా."

"పిలువరు."

"మళ్ల పోటీ ఎప్పుడు?"

"వచ్చే చలికాలం. సెలక్షన్లు సెప్టెంబర్ల."

"ఇరవై దాటకముందే గద చిన్నోళ్ల పోటీ?"

"దాటదమ్మా. ఇంకొక్కసారి పోవచ్చు."

బాలమణి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. తర్వాత చాప పరుస్తూ, "అయితే పండుకో. పొద్దున అయిదింటికి పోవాలె గద," అంది.