మంచుకని బయలుదేరి

కువైట్‌లోని మిష్రిఫ్‌లో ఇంటి పని చేస్తున్న రోజులవి. మా యజమానురాలిని అక్కడి పనివాళ్లందరిలాగే మామా అని పిలిచేదాన్ని. మహా పొదుపరి. మంచు కొండల దేశానికి మూడు రోజులు వెళ్తూ, అక్కడ హోటల్ తిండి ఖరీదని వండిపెట్టడానికి నన్నూ బయలుదేరదీసింది. ఎండా వానా మంచూ అక్కడ ఒక్క పూటలోనే వస్తాయట. సామాను బరువు పెరిగితే డబ్బు కట్టాలని నాలుగు స్వెట్టర్లు, పైన కోటు నాకే తొడిగించింది. అది 1990 ఆగస్టు.

"ఏం మే, విమానం ఎక్కేలోపలే ఉడికిపోయేట్టుండావే" అన్నాడు మా కడప డ్రైవర్ రమణన్న.

తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్లోకి వచ్చేసిందని మాకు తెలియదు. దారిలో ఒక సైనికుడు తుపాకీ చూపి కారు ఆపాడు. అతను నన్ను ఎగాదిగా చూసి, ఎక్కడికని అరబ్బీలో అడిగాడు.

"మంచులోకి" అన్నాను విమానాశ్రయం వైపు చేయి చూపిస్తూ. అటు నల్లటి పొగ లేస్తోంది.

అతను పొగను చూశాడు, నన్ను చూశాడు. జాలిపడి తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. తర్వాత కారూ, పెట్టెలూ తీసుకుని, "యల్లా, పదండి, ఇంటికి నడవండి" అన్నాడు.

నడుస్తూ నేను కోటు విప్పబోయాను. మామా ఏడుస్తూనే నా చేయి పట్టుకుంది. "విప్పకు, దారిలో ఎక్కడైనా పడిపోతుంది."

ఇన్నేళ్లయినా నేను మంచు చూడలేదు. ఎవరైనా ఆ మాట అంటే చాలు, నాకు చెమట పడుతుంది.