పరమాన్నంలో పడబోయిన చుక్క

రండి రండి, ఆ కుర్చీలు ఇలా దగ్గరికి లాక్కోండి. టీ చల్లారినా పర్వాలేదు, ఇది మాత్రం వేడివేడిగా వినాలి. మొన్న శ్రావణ శుక్రవారం నాడు నన్ను చూసి అమ్మవారు ఎంత నవ్వుకుందో చెబుతాను.

భవానీపురంలో మా డాబా ఇల్లు మీకు తెలుసుగా. వంటింటి చిమ్నీ గొట్టాన్ని గోడలోంచి తీస్తే పొగంతా పక్కవాళ్ళ కిటికీలోకి పోతుందని, పోయిన వేసవిలో స్లాబుకి కన్నం పెట్టించి నిటారుగా పైకి తీయించాం. పని చేసింది తాపీమేస్త్రి మస్తాన్ గారు. గొట్టం నెత్తిన ఒక టోపీ, దాని పైన వాన పడకుండా చిన్న రేకు. ముచ్చటగా కుదిరింది.

ఆ రోజు తెల్లవారుజాము నుంచీ ముసురు. వరలక్ష్మీ వ్రతం! పేరంటాళ్ళు వచ్చి హాల్లో కూర్చున్నారు. పొయ్యి మీద నైవేద్యానికి పరమాన్నం. బెల్లం వేసి కలుపుతున్నానా... టప్! చిమ్నీలోంచి ఓ చుక్క. గోధుమరంగు, పైగా జిడ్డు! గిన్నెకి బెత్తెడు దూరంలో పడింది.

"ఏమండీ! స్లాబు కారుతోందండీ!"

మా ఆయన పరుగున వచ్చారు. ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారుచేసే చోట ఆయన ఉద్యోగం. ఆకాశమంత పొగగొట్టాల కింద తిరిగే మనిషి, మా జానెడు గొట్టం దగ్గర తల గోక్కున్నారు.

"ఆవిరి పైకి పోవట్లేదోయ్. లోపలే చల్లబడి నీరవుతోంది."

"మీ ప్లాంటు పాఠాలు తర్వాత. ముందు నా గిన్నె కాపాడండి!"

పాపం, పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. చుక్క ఎటు పడితే పళ్ళెం అటు. పామర్రు నుంచి వచ్చిన మా తోడికోడలు సుశీల హాల్లోంచి తొంగిచూసి, "బావగారు కూడా వ్రతం పట్టారేంటక్కా?" అంది. హాలంతా ఒకటే నవ్వులు. నాకు మాత్రం ప్రాణం గిలగిల. గిన్నెలో ఒక్క చుక్క పడిందా, ఆ నైవేద్యం అమ్మవారికి పనికిరాదు. మళ్ళీ వండుదామంటే ఇంట్లో పాలు లేవు!

మస్తాన్ గారికి ఫోన్ కొట్టాను. "ఏం పనండీ అది? వ్రతం రోజునే కారాలా? మీరు వేసింది సిమెంటా, సున్నపు నీళ్ళా?" ఆయన్ని మాట్లాడనిచ్చానా? లేదు! జుమ్మా రోజు, నమాజుకి వెళ్ళాల్సిన మనిషి. "వస్తున్నానమ్మా" అని ఆ ముసుర్లోనే బండేసుకుని వచ్చేశారు.

పళ్ళెం సుశీల చేతికి మారింది. మగవాళ్ళిద్దరూ డాబా ఎక్కారు. కాసేపటికి పైనుంచి మా ఆయన నవ్వు. "ఏమోయ్, ఓసారి పైకి రా!"

వెళ్ళి చూద్దును కదా, గొట్టం టోపీకి పట్టు తలపాగాలా చుట్టుకుని... నా మడిచీర!

ఎవరు చుట్టారంటారా? ఇంకెవరు, నేనే! ఒకటి కట్టుకుంటే ఇంకోటి ఆరాలాయె. ఈ ముసుర్లో కింద ఆరేస్తే ఎవరో ఒకరు తగులుతారు. ఇక్కడైతే పైన రేకు నీడ, కింద నుంచి వంటింటి వేడిగాలి, ముట్టుకునేవాళ్ళు లేరు. అబ్బ, ఏం తెలివే నీది అని నన్ను నేనే మెచ్చుకుంటూ పొద్దున్నే ఆరేసి దిగాను. తడిచీరతో మూతి బిగిస్తే ఆవిరి ఎటు పోతుందండీ? చక్కా నా పొయ్యి మీదికే తిరిగొచ్చింది.

"మడిచీరలా ఉందమ్మా, నేను ముట్టుకోలేదు. మీరే తీసుకోండి" అన్నారు మస్తాన్ గారు, చేతులు వెనక్కి కట్టుకుని.

"నేనూ ముట్టుకోలేదు. పొద్దున్నే స్నానం చేసినా నన్ను మడి కింద లెక్కేయదు మా ఆవిడ!" అన్నారు మా ఆయన.

చీర తీశాను. కాసేపటికి చుక్కలు ఆగిపోయాయి. పరమాన్నం దక్కింది! కిందికి దిగితే పేరంటాళ్ళంతా చుట్టుముట్టారు. "ఏమైందండీ? స్లాబు పగిలిందా?"

నేను నోరు తెరిచేలోపే, మస్తాన్ గారే అన్నారు: "స్లాబుకేం కాలేదండీ. గొట్టానికి ఏదో అడ్డం పడింది. అమ్మగారు చూసి తీసేశారు."

అంతే. ఫోన్లో నేను విసిరిన మాటల్లో ఒక్కటీ నాకు తిప్పికొట్టలేదు. గుమ్మం దాకా వెళ్ళి క్షమించమంటే, "ముందు నైవేద్యం సంగతి చూడండమ్మా" అని బండెక్కారు.

ఇదొక్కటి మనసులో పెట్టుకోండి. ఎవరైనా మీ ముందు ఇలా దొరికిపోతే, "ఏదో అడ్డం పడింది" అని ఆ పూటకి వాళ్ళ పరువు నిలబెట్టండి. మీరు చేయండి, మీ వాళ్ళతోనూ చేయించండి. మస్తాన్ గారు ఆ రోజు నా పరువు ఎంతో జాగ్రత్తగా దాచిపెట్టారు. నేనేమో అప్పటి నుంచీ ఇంటింటికీ తిరిగి, పిలిచి మరీ కూర్చోబెట్టి, నా పరువు నేనే తీసుకుంటున్నాను!