భూమికి తాడు చుట్టిందెవరు

మా మంగళక్కకు బొంగరం తిప్పడం రాదు. అదేమంత నేరం అనకండి. 1954లో అది ఆమె ఉద్యోగానికే ఎసరు పెట్టేలా ఉండింది.

చింతాద్రిపేటలోని తెలుగు బడిలో ఆమె ఐదో తరగతి టీచరు. నేను అదే తరగతిలో పిల్లను. బడిలో అక్కా అని నోరు జారానంటే తొడపాశమే. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. మర్నాటి పాఠం వంటింట్లో చెంబులకు చెప్పుకునేది. ఆ ఏడాది ఇన్‌స్పెక్టరమ్మ పాఠం విని మెచ్చుకుంటేనే ఉద్యోగం ఖాయం, లేకుంటే ఇంటికే. పాఠమేమో భూభ్రమణం, బొంగరం తిప్పి చూపించాల్సిన పాఠం.

వారం రోజులు మిద్దెమీద బొంగరంతో కుస్తీ పట్టింది. అది పోయి పోయి పక్కింటి వడియాల్లో పడేది. మా నాయన యతిరాజులు, ఆడపిల్ల గట్టిగా నవ్వితేనే గుడ్లురిమే మనిషి, ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చాడు. మా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన తాడు లాక్కుని, "అట్ల కాదుమ్మే, కింద నించి బిగించి చుట్టాల," అన్నాడు. ఆ మొహంలో మురిపెం చూడాలి!

ఇన్‌స్పెక్షన్ నాడు బొంగరం చక్కగా తిరిగింది. కాస్త వాలి, తల గుండ్రంగా ఊపింది.

"భూమికి నడుము కొంచెం లావు. సూర్యుడూ చంద్రుడూ ఆ లావును పట్టి లాగతా ఉంటారు. అందుకే భూమి ఇరుసు కూడా ఇట్లనే తల తిప్పుతుంది. ఒక్క చుట్టుకు ఇరవై ఆరువేల ఏండ్లు పడుతుంది," అంది అక్క.

ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను మూసింది. "బొంగరానికి నువ్వు తాడు చుట్టావు. భూమికి ఎవరు చుట్టారమ్మా?"

మా పుస్తకంలో ఆ ముక్క లేదు. అక్క కొంగు దోపుకుని, "ఈడ రామ్మే," అని నా చేతులు పట్టుకుంది. ఇద్దరం ఒప్పులకుప్ప తిరిగాం. మొదట చేతులు చాచి, మెల్లగా. తిరుగుతూనే నన్ను దగ్గరికి లాక్కుంది. అబ్బ, ఒక్కసారిగా గిర్రున వేగం పెరిగింది.

"భూమి పుట్టకముందు ఆడ దుమ్ము మేఘం ఉండె," అంది వగరుస్తూ. "అది కొంచెం కొంచెంగా తిరగతా ఉండె. దగ్గరికి ముడుచుకునే కొద్దీ వేగం పెరిగె. తాడు ఎవరూ చుట్టలేదండీ. ఆపేవాళ్ళు లేరు, అందుకే ఇంకా తిరగతానే ఉండాది."

ఎంత గొప్పగా చెప్పిందో! ఆ మాట ఇప్పటికీ ఆమెతో అనలేదు, నెత్తికెక్కుతుందని.

ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, రెండు చేతులూ చాచింది. "నన్నూ తిప్పమ్మా, చూస్తాను."

ఇద్దరూ తిరిగారు. పిల్లలం బెంచీలెక్కి చప్పట్లు కొట్టాం. తర్వాత ఆమె బల్ల పట్టుకుని, ఇంకా తూలుతూనే, "ఉద్యోగం ఖాయం చేయవచ్చు" అని రాసింది. అక్షరాలన్నీ వంకరగా పడ్డాయి.