ఎస్తేరుకు నేర్పని మెట్టు

2003 జూన్‌లో నన్ను చిలకలూరిపేటలోని ఒక ప్రత్యేక పాఠశాలకు, వృత్తి శిక్షణ విభాగం సీనియర్ టీచరుగా బదిలీ చేశారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండగానే మా రిజిస్టరులో పేరు కొట్టేస్తాం. ఆలోపు ఏదో ఒక పని వాళ్ల చేతికి రావాలి. విభాగం మొత్తానికి టీచరును నేనొక్కదాన్నే. మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి.

ఎస్తేరుకు పదిహేడేళ్లు. తల్లి రూతమ్మ ఎండుమిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో కూలి. మొదటి రోజే గుమ్మం దగ్గర నిలబడి, "నాకు ఆయాసమండి మేడం. నేను పోతే దీన్ని ఎవరు కూర్చోబెట్టి తిండి పెడతారు? నా పనే దానికీ నేర్పండి" అంది.

పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒకటి వచ్చాకే రెండోది చెప్పడం మా పద్ధతి. తెల్లబారిన తాలు కాయను ఏరి పక్కన వేయడంతో కలిపి ఎనిమిది మెట్లు రాశాను. ఘాటుకు ఇద్దరం తుమ్ముతూ, ఎస్తేరు చెయ్యి కళ్ల మీదికి వెళ్లినప్పుడల్లా నేను పట్టుకుంటూ ఏడెనిమిది నెలలు గడిచాయి. ప్రతి పాఠం చివర "చాలమ్మా" అనేదాన్ని. వెంటనే లేచి చేతులు కడుక్కునేది. ఎనిమిదీ వచ్చాక ప్రగతి పత్రంలో 'సొంతంగా చేయగలదు' అని రాసి సంతకం పెట్టాను.

ఫిబ్రవరిలో షెడ్డుకు పంపాను. పక్కనుంటే తల్లి మీదే ఆధారపడుతుందని, ఆ రోజు రూతమ్మను వేరే షెడ్డుకు వెళ్లమన్నదీ నేనే.

సాయంత్రం రూతమ్మ తిన్నగా బడికి వచ్చి క్యారేజీ మూత తీసి చూపించింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"పొద్దుట్నుంచి లేవలేదంటండి. గుక్కెడు నీళ్లు తాగలా. లంగా కూడా తడుపుకుంది. తిందువు రావే అని పక్కోళ్లు పిలిస్తే, మేడం చాలనలేదు అందంట. మేస్త్రి రేపట్నుంచి తేవద్దన్నాడు."

ఆమె నన్ను నాలుగు మాటలు అన్నా బాగుండేది. షెడ్డులో కిలోల లెక్కన కూలి, ఎవరి గుత్త వాళ్లది, ఎవరికి వాళ్లే లేస్తారు, గంట కొట్టేవాళ్లుండరు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ సంగతి నాకు తట్టనే లేదు. సిగ్గేసింది.

పత్రంలో రాసింది కొట్టేశాను. రిపోర్టు పైకి పంపేశాం కదా మేడం అని హెడ్‌మాస్టరు విసుక్కున్నారు. ఆ మిగిలిన నెలలు ఎస్తేరుకు పని ఆపడం నేర్పాను. దాహమేస్తే లేవడం, ఆకలేస్తే చేతులు కడుక్కుని తినడం. 'చాలమ్మా' అనకుండా నోరు మూసుకుని కూర్చోవడం నాకే కష్టమైంది. మేస్త్రిని బతిమాలి మరుసటి సీజనుకు మళ్లీ పెట్టించాను.

ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళ్లాను. అలవాటు కొద్దీ "చాలమ్మా" అన్నాను. ఎస్తేరు తలెత్తలేదు.

"ఈ కుప్ప అయినాక లేస్తానండి" అంది. అలాగే లేచింది. చేతులు కడుక్కుని క్యారేజీ విప్పింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరి ప్రణాళికలోనైనా మొదటి మెట్టుగా పని ఆపడమే రాశాను. నేను పక్కనుండగా చేసిన ఏ పనికీ 'సొంతంగా' అని మళ్లీ రాయలేదు.