రేపల్లె బండి కదిలేలోగా

పోయిన వారం పని మీద బాపట్ల వెళ్ళి, అక్కడే చదువుతున్న మనవరాలిని చూసి వద్దామని సాయంత్రంవేళ వాళ్ళ కాలేజీలో అడుగుపెట్టానా, చుట్టూ వలలూ పైన దీపాలూ ఉన్న ఆటకోర్టులు చూసి నా కళ్ళు చెదిరాయి. తీరా చూస్తే వాటిలో హాస్టలు పిల్లలు నలుగురైదుగురే ఉన్నారు, మిగతా పిల్లలంతా సంచులు తగిలించుకుని బస్సుల వైపు పరుగులు పెడుతున్నారు. నువ్వు ఆడవా అని అడిగితే, "ఎప్పుడాడతాం అమ్మమ్మా? ఆటల టైముకి మా బస్సు వెళ్ళిపోద్దిగా!" అంది. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో ఆ పిల్లకి తెలియదు గాని, రైలు పాసు పైట చెంగున ముడేసుకుని చదువుకున్న నా ఈడు వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

మాది రేపల్లె. నాన్న మిషన్ బడిలో టీచరు. తెనాలి కాలేజీలో చేర్చేటప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే, సాయంత్రం బండికి ఇల్లు చేరాలి, ఒక్కరోజు తప్పినా చదువు ఆగిపోతుంది. నాకు తోడు మా మేనత్త కూతురు, నాకంటే ఒక ఏడు పెద్దది, వదిన. కాలేజీలో మమ్మల్ని "రైలు పిల్లలు" అనేవారు. ఆఖరి గంట కొట్టగానే హాస్టలు పిల్లలు వోణీలు బిగించి టెన్నికాయిట్ కోర్టులోకి దూకేవాళ్ళు. రబ్బరు రింగును వల మీదుగా విసిరి ఒంటిచేత్తో పట్టుకునే ఆ ఆటంటే నాకూ వదినకూ ప్రాణం, కాని మేము బజారు జనంలోంచి దారి చేసుకుంటూ స్టేషనుకు పరుగెత్తాలి. సాయంత్రం ప్రాక్టీసుకు రానివాళ్ళకు టీములో చోటు లేదని ఆటల మేడమ్ మొదటి రోజే తేల్చి చెప్పేశారు.

అలా రొప్పుతూ వెళ్ళి ఎక్కితే రేపల్లె బండి కదిలేది కాదు. మెయిన్ లైను మీద బాపట్ల వైపు నుంచి వచ్చే బండిలోని వాళ్ళు దిగి ఎక్కితేనే దానికి కదలిక, ఆ బండేమో తరచూ ఆలస్యం. ఏ రోజు వేళకొస్తుందో తెలియదు కనుక పరుగు మాత్రం తప్పేది కాదు. ఒకనాడు ఆ కూర్చోవడం భరించలేక వదిన ఒక రింగు కొనుక్కొచ్చి, ప్లాట్‌ఫారం చివర స్తంభానికీ సిమెంటు బెంచీకీ మధ్య తన వోణీ కొంగు కట్టబోయి, అది చాలక నా పాత తువ్వాలు కూడా ముడివేసి, బొగ్గుముక్కతో గీతలు గీసేసింది.

మొదటి రోజే గార్డు బాబాయి వచ్చి, "ఏంటమ్మా ఇది, స్టేషనా గ్రౌండా?" అని కేకలేశారు. మేం తలలు వంచుకుని తువ్వాలు విప్పుతుంటే రింగు దొర్లుకుంటూ పోయి పట్టాల మీద పడింది. ఆయన విసుక్కుంటూనే దిగి, దాన్ని తీసి, మా చేతికివ్వబోయి ఏమనుకున్నారో అక్కణ్ణుంచే గిరుక్కున విసిరారు. వదిన ఒంటిచేత్తో పట్టింది. "భలే పట్టావే!" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి అటు సిగ్నలు పడగానే "ఇక చాలు, ఎక్కండమ్మా" అని హెచ్చరించడం ఆయన వంతయింది. కూరగాయలమ్మి ఖాళీ బుట్టలతో తిరిగివెళ్ళే వేమూరు ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఆట తెలియకపోయినా తీర్పులు చెప్పేవారు. రింగు గీత దాటిందా లేదా అని వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుంటుంటే మేం ఆట ఆపి నవ్వుకునేవాళ్ళం.

ఒక సాయంత్రం ఆ గుంపు వెనక మా ఆటల మేడమ్ నిలబడి ఉన్నారు, ఎవరినో బండెక్కించడానికి వచ్చారట. నా చేతిలో రింగు అలాగే ఉండిపోయింది.

"మీకు ప్రాక్టీసు లేదనుకున్నానే!" అన్నారు.

"రోజూ చేస్తున్నామండి. చోటే వేరండి," అంది వదిన.

మేడమ్ నవ్వలేదు, గీతలు తప్పు గీశామని చెప్పి వెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ మమ్మల్ని పిలిచి హాస్టలు పిల్లలతో ఆడించారు. మేం గెలిచాం. ఆ పైన ప్రాక్టీసు మధ్యాహ్నానికి మారింది. ముందు సణిగిన హాస్టలు పిల్లలే తర్వాత మా క్యారేజీల్లో గోంగూర పచ్చడి కోసం మాకంటే ముందొచ్చి కూర్చునేవారు.

ఆ ఏడు కాలేజీల పోటీలు బాపట్లలో జరిగాయి. ఒక్కొక్కరినీ ఓడించుకుంటూ ఆఖరి ఆట దాకా వెళ్ళాం గాని, అప్పటికి సూర్యలంక వైపు నుంచి సముద్రపు గాలి లేచింది. ప్లాట్‌ఫారం రేకుల కప్పు కిందా, గాలాడని మధ్యాహ్నాల్లోనూ ఆడిన మాకు గాలి సంగతేం తెలుసు? నేను ఇటు చెయ్యి చాపితే రింగు అటు పోయేది. ఓడిపోయి, రెండో బహుమతిగా ఇచ్చిన స్టీలు గ్లాసులు పట్టుకుని స్టేషనుకొస్తే మా బండి ఆలస్యం! రేపల్లె బండి రోజూ ఎదురుచూసేది ఈ బండి కోసమేనన్న సంగతే మరిచి, ఇంక నా చదువు అయిపోయిందనుకుని దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. తెనాలిలో దిగేసరికి రేపల్లె బండి మాకోసం కదలకుండా నిలబడి ఉంది. గార్డు బాబాయి గ్లాసులు చూసి, ఏమీ అడక్కుండానే పెద్దగా విజిలేశారు. బుట్టల ఆడవాళ్ళు వేమూరు దాకా మా కథ చెప్పించుకున్నారు.

ఆ కబురు నాకంటే ముందే బండి దిగింది. రేపల్లె స్టేషను బయట సైకిలు పట్టుకుని నిలబడ్డ నాన్న, "ఓడిపోయారంటగా?" అన్నారు.

"గాలి ఎక్కువుంది నాన్నా."

"మన చర్చి ఆవరణలోనూ గాలుంటది. ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడ ఆడండి," అని గ్లాసుల సంచి అందుకుని హ్యాండిలుకు తగిలించారు.

ఇప్పుడు బళ్ళు వేగంగా వెళుతున్నాయి, చాలామంది పిల్లలు గుమ్మం ముందే బస్సెక్కుతున్నారు, మేం పడ్డ పరుగు వాళ్ళకు లేదు, సంతోషమే. కాని దారిలో ఎవరో పిల్లలు ఆడుకుంటుంటే బుట్ట దించి నిలబడి, ఆట తెలియకపోయినా వాళ్ళ తరఫున పోట్లాడే తీరిక ఈ రోజుల్లో ఎవరికుందా అని వెతుక్కుంటూ ఉంటాను.